ముప్పై ఏడో నంబరు వెళ్ళిపోలేదు

తిరువూరు,
27-10-2025, సోమవారం.

శ్రీయుత కార్యదర్శి గారి సముఖమునకు,
పరిశోధనల నైతిక సంఘం,
అమృతవల్లి ధర్మ ఆసుపత్రి, తిరువూరు, ఎన్టీఆర్ జిల్లా.

అర్జీదారు: షేక్ మదార్, వయస్సు 67 సంవత్సరములు, వృత్తి: తహసీల్దారు కార్యాలయం ఎదుట అర్జీలు వ్రాయుట.

అయ్యా,

విషయం: తమ ఆసుపత్రి అత్యవసర విభాగంలో రోగుల నిరీక్షణపై జరుగుచున్న అధ్యయనంలో, 37వ నంబరు టోకెను గల గౌసియాబీ అను నా భార్యను గురించి నమోదైన వివరములు తప్పు అనియు, ఆ తప్పులు చెప్పినవాడను నేనే అనియు తెలియజేసుకొనుట గురించి.

సూచిక: (1) తేది 11-11-2024 నాటి సమ్మతి పత్రం, నాలుగు పేజీలు. (2) రెడ్డిగూడెం వాస్తవ్యులు జగన్నాథరావు గారికి తమ కార్యాలయం వారు పంపిన జవాబు.

పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను గత నలభై ఒక్క సంవత్సరములుగా ఇచ్చటి తహసీల్దారు కార్యాలయం ఎదుట ఒక బల్ల, ఒక కుర్చీ, ఎదుటివారికి ఒక స్టూలు వేసుకుని అర్జీలు వ్రాసి ఇచ్చుచున్నవాడను. పొలం హద్దులు, పింఛన్లు, ఇంటి స్థలాలు, జనన మరణ పత్రాలు, ఏ కష్టమైనా సరే ఒక పేజీలో ఇమిడ్చి, పై అధికారికి కోపం రాకుండా చెప్పడం నా విద్య. స్టూలు మీద కూర్చున్నవాళ్ళు ఏడిస్తే కాసేపు ఏడవనిచ్చి, ఆ తర్వాత ఆధార్ నంబరు అడుగుతాను. ఏడుపు అర్జీలోకి రాకూడదు, వస్తే ఫైలు కదలదు అని వాళ్ళకు చెబుతుంటాను. నా పేరు మీద నేను వ్రాసుకుంటున్న మొదటి అర్జీ ఇది. ఇప్పటికి మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను కాబట్టి దీన్నే తుది ప్రతిగా స్వీకరించ ప్రార్థన.

2. తేది 11-11-2024 సోమవారం నాడు, అనగా గ్రీవెన్సు రోజున, నా బల్ల దగ్గర రద్దీగా ఉండగా సుమారు తొమ్మిదిన్నర గంటలకు మా పక్కింటి జోజమ్మ గబగబా వచ్చి, "మదార్ గారూ, గౌసియక్కకి ఒళ్ళంతా చెమటలండి. గ్యాసంటోంది గానీ నాకెందుకో భయంగా ఉంది, మీరు రండి" అని చెప్పినది. రాస్తున్న కాగితం మీద బరువు పెట్టి లేచాను. ఇంటికి వెళ్ళేసరికి నా భార్య చీర మార్చుకుని గడప మీద కూర్చుని ఉంది. ఎడమ దవడ పట్టుకుని, "పన్ను నొప్పేమోనండి. వీపులోకి లాగుతోంది" అంది.

ఆమెకు ఎనిమిదేళ్ళుగా మోకాళ్ళ నొప్పులు. కూర్చుంటే ఒక పట్టాన లేవలేదు. గోడ పట్టుకుని "యా అల్లా" అని సగం లేచి, ఆగి, సాయం పట్టనందుకు నా వైపు ఒక చూపు చూసి, అప్పుడు మిగతా సగం లేచేది. ఈ సంగతి తమకు అనవసరమని తోచవచ్చును. అయినా దయచేసి గుర్తుపెట్టుకొనవలెను.

3. పది గంటల పది నిమిషములకు తమ ఆసుపత్రికి చేరినాము. కౌంటరులో 37వ నంబరు టోకెను ఇచ్చినారు. అప్పటికి 29వ నంబరు నడుచుచున్నది. అప్పట్లో అత్యవసర విభాగానికి ఒక్కరే డాక్టరు. లోపల ఒక ట్రాక్టరు ప్రమాదం కేసు వచ్చి ఉన్నందున ఆయనను తప్పుపట్టుటకు లేదు. ఎవరినీ తప్పుపట్టుటకు ఈ అర్జీ వ్రాయుట లేదు అని ముందే మనవి చేసుకుంటున్నాను.

అప్పుడు నీలం కోటు వేసుకున్న ఒక అమ్మాయి మా దగ్గరకు వచ్చింది. పేరు నీహారిక, ఊరు విస్సన్నపేట, తమ అధ్యయనంలో పనిచేస్తోంది. అత్యవసరంగా వచ్చినవాళ్ళు ఎంతసేపు కూర్చోవాల్సి వస్తోంది, ఆ తర్వాత వాళ్ళు ఏమవుతున్నారు అనేది రాసుకుంటామని, ఏడో రోజు, ముప్పయ్యో రోజు, తొంభయ్యో రోజు, నూట ఎనభయ్యో రోజు, ఏడాదికి ఒకసారి ఫోను చేసి కనుక్కుంటామని చెప్పింది. హాల్లో జనం ఎక్కువగా ఉండటం వల్ల వాళ్ళ బల్ల వరండాలో వేశారు. ఒక్కదాన్నే ఇక్కడ కూర్చోనంటే గౌసియాను కూడా నాతో వరండాలోకి తీసుకువెళ్ళాను. ఫోను నంబరు అడిగితే ఆమెదే ఇచ్చాను. నేను పనిలో ఉంటే ఫోను ఎత్తను.

సమ్మతి పత్రం నాలుగు పేజీలు. "ఇక్కడ సంతకం పెడితే చాలండి బాబాయిగారూ, ఇంటికెళ్ళాక తీరిగ్గా చదూకోవచ్చు" అంది ఆ పిల్ల. "అమ్మాయ్, చదవకుండా సంతకం పెట్టొద్దని నలభై ఏళ్ళుగా ఊరందరికీ చెప్పేవాణ్ణి. నేనే పెడితే ఎట్టా?" అన్నాను. నీహారిక నవ్వింది. గౌసియా కూడా, దవడ మీద చెయ్యి అట్లాగే ఉంచుకుని, నవ్వింది.

నేను ఆ పత్రం పూర్తిగా చదివినాను. ఎంతసేపు పట్టిందో తమ రికార్డులోనే ఉంది: పద్దెనిమిది నిమిషములు. ఆ నిమిషాల గురించి ఇంకా చెప్పవలసినది ఉన్నది గాని, ఇక్కడ చేయి సాగడం లేదు. కింద ఎనిమిదవ అంశంలో వ్రాస్తాను.

4. మేము తిరిగి హాల్లోకి వచ్చేసరికి 39వ నంబరు లోపల ఉంది. కౌంటరులో అడిగితే, "పిలిచాం కదండీ, మీరు లేరు. కూర్చోండి, మధ్యలో చూస్తాం" అన్నారు. పన్నెండున్నర దాకా కూర్చున్నాము. మధ్య అనేది రాలేదు. నేను లేచి రెండుసార్లు అడిగాను. మూడోసారి లేవబోతుంటే గౌసియా నా చొక్కా పట్టుకుని లాగి, "తగ్గిందండి. నిజంగా తగ్గింది. ఇంటికి పోదాం, మీ అర్జీల వాళ్ళు ఎండలో నిలబడి ఉంటారు" అంది. చెమట ఆరి ముఖం తేటగా కనపడింది. నేను నమ్మాను. ఆటో ఎక్కి ఇంటికి వచ్చినాము. మంచం మీద రెండు దిండ్లు వేయించుకుని పడుకుంది. మంచినీళ్ళు అడిగింది. నేను కుండ దగ్గరకు వెళ్ళి గ్లాసుతో వచ్చేసరికి నా భార్య మరణించి ఉన్నది. సమయం ఒంటి గంట ఇరవై అయిదు. మసీదులో అప్పుడే అజా పిలుపు అయింది.

తమ రికార్డులో అదే రోజుకు ఇట్లా ఉన్నది: "టోకెను 37. రెండుసార్లు పిలువబడినారు. వైద్యుని కలవకుండా స్వచ్ఛందముగా వెళ్ళిపోయినారు. 10 గంటల 52 నిమిషములు." అయ్యా, ఆ సమయానికి మేము తమ వరండాలోనే, తమ బల్ల దగ్గరే, తమ కుర్చీల్లోనే ఉన్నాము. నా భార్య తమ ఆసుపత్రి నుంచి స్వచ్ఛందముగా వెళ్ళిపోలేదు.

5. ఏడో రోజున ఫోను వచ్చినది. మాకు పిల్లలు లేరు. మూడోనాటి జియారత్తుకు వచ్చిన బంధువులు వెళ్ళిపోయారు. ఇంట్లో నేను, గోడ గూట్లో ఆమె బటన్ల ఫోను. దాన్ని ఎందుకు చార్జింగు పెడుతున్నానో నాకే తెలియదు. అది మోగింది. ఎత్తాను.

"నమస్తే అండి, గౌసియాబీ గారి ఇల్లేనా? అమ్మగారు ఎలా ఉన్నారండి?"

వారం రోజులుగా అందరూ ఆమె ఎంత మంచిదో చెప్పారు, ఎట్లా పోయిందో అడిగారు, ఓర్చుకోమన్నారు. ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. అడగరు కదా. ఆమె ఉన్నట్టుగా మాట్లాడిన మొదటి గొంతు తమ అధ్యయనానిది. నా నోట్లోంచి "బాగుంది" అని వచ్చింది. వచ్చాక వెనక్కి తీసుకోవడానికి ప్రయత్నించలేదు. అన్నం తింటున్నారా అంటే తింటోందన్నాను. నొప్పి ఉందా అంటే అప్పుడప్పుడూ అన్నాను. "ఎన్ని దిండ్లు వేసుకుని పడుకుంటున్నారు?" అని అడిగింది. నేను మంచం వైపు చూశాను. రెండు దిండ్లూ ఇంకా అట్లాగే ఉన్నాయి. "రెండు" అన్నాను. ఆ ఒక్క జవాబూ చూసి చెప్పాను.

ఫోను పెట్టేశాక మనసు ఎంత తేలికపడిందో తమకు చెబితే అసహ్యించుకుంటారు. ఆ రోజు, వారం తర్వాత మొదటిసారి, ఆకలి వేసింది.

6. ఆ పిమ్మట ముప్పయ్యో రోజున, తొంభయ్యో రోజున, నూట ఎనభయ్యో రోజున వచ్చిన ఫోనులకు కూడా నేను అబద్ధములు చెప్పితిని. అయితే శ్రద్ధగా చెప్పితిని. ఎన్ని మెట్లు ఎక్కగలదని అడుగుతారని తెలిసి, ముందు రోజు డాబా మెట్లు లెక్కపెట్టి, మోకాళ్ళతో ఆమె ఎక్కడ ఆగి ఆయాసపడేదో ఆ మెట్టు మీద నేను నిలబడి చూసుకున్నాను. ఏడో మెట్టు. ఏం కూర తిన్నదని అడిగితే అబద్ధం కాకూడదని ఆ పూట గోంగూరే వండాను. టీ రెండు గ్లాసుల్లో పోసేవాణ్ణి. దిండ్లు రోజూ దులిపి మళ్ళీ వేసేవాణ్ణి. పొద్దున చూస్తే పైనున్న దిండు మధ్యలో గుంట పడినట్టు ఉండేది. నా కళ్ళకు పొర వచ్చిందని కంటి డాక్టరు చెప్పి ఉన్నందున దాని గురించి నేను ఏమీ ప్రమాణం చేయను.

తొంభయ్యో రోజు ఆదివారం పడినందున ఫోను మరునాడు, అనగా తేది 10-2-2025న వచ్చింది. పగలు పదకొండు గంటలు. తలుపులు తీసి ఉన్నాయి, వీధిలో ఎండ. ఇంట్లో నేను ఒక్కణ్ణే. ప్రశ్నలు సగం అయ్యాక నీహారిక ఆగింది.

"బాబాయిగారూ, అమ్మగారు పక్కనే ఉన్నారు కదా?"

"ఎందుకమ్మా?"

"దగ్గుతున్నారు కదండీ, వినపడుతోంది. ఆ దగ్గు ఎన్నాళ్ళ నుంచి?"

నాకు ఏమీ వినపడలేదు. "ఎట్టాంటి దగ్గు?" అని అడిగాను. చిన్న దగ్గేనండి, గొంతు సర్దుకుంటున్నట్టు, అంది.

అయ్యా, నా భార్యకు ఫోనంటే బెరుకు. ఎప్పుడు ఎత్తినా ముందు చిన్నగా దగ్గి, గొంతు సర్దుకుని, అప్పుడు గాని హలో అనేది కాదు. ఈ సంగతి ఆ పిల్లకు తెలిసే దారి లేదు. ఇల్లంతా వెతికాను. పెరట్లోకి వెళ్ళి చూశాను. జోజమ్మ ఇంటికి తాళం వేసి ఉంది. తిరిగి వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుని సాయంత్రం దాకా చెవి పెట్టుకుని విన్నాను. నాకు భయం వేయలేదు. కోపం వచ్చింది. నలభై నాలుగేళ్ళు కాపురం చేసినవాణ్ణి నేనైతే, నాకు వినపడకుండా ఆ పిల్లకు వినపడటమేమిటి?

7. ఇక ఈ అర్జీ వ్రాయవలసి వచ్చిన కారణం. గత నెలలో రెడ్డిగూడెం మామిడి రైతు జగన్నాథరావు గారు నా స్టూలు మీద వచ్చి కూర్చున్నారు. ఈ జనవరి నుంచి తమ అత్యవసర విభాగంలో రెండో డాక్టరును వేసిన సంగతి తమకు తెలిసినదే. వారి తల్లి సుబ్బాయమ్మ గారికి గుండె నొప్పి వచ్చినప్పుడు ఆ రెండో డాక్టరు బెంచీ మీద ఉన్నవాళ్ళను వరసగా చూసుకుంటూ వచ్చి, ఆవిడ ముఖం చూసి, టోకెనుతో పని లేకుండా లోపలికి తీసుకుపోయారట. ఆవిడ బతికి ఇప్పుడు కోడలి వంటకు వంకలు పెడుతోందట. ఆ రెండో డాక్టరును తీసేస్తారని విని, తీయవద్దని జగన్నాథరావు గారు తమకు ఉత్తరం రాస్తే జవాబు వచ్చింది. ఆ జవాబు నా చేతికి ఇచ్చారు.

"వైద్యుని కలవకుండా వెళ్ళిపోయిన 61 మందిలో 58 మందిని ఫోను ద్వారా విచారించడమైనది. మరణములు: సున్నా. నిరీక్షణ వలన రోగులకు గణనీయమైన హాని జరిగినట్లు కనబడనందున అదనపు వైద్యుని 1-12-2025 నుండి కొనసాగించుట అవసరమని తోచలేదు."

"వాళ్ళు సున్నా అని కూర్చుంటే నేనేం చెప్పేదండీ?" అన్నారు జగన్నాథరావు గారు. "మీరే కాస్త గట్టిగా రాయండి మదార్ గారూ. అయినా మీ ఇంట్లో ఆవిడ కూడా అక్కణ్ణించే కదండీ వచ్చింది ఆ రోజు? ఆవిడ ఈ లెక్కలోకి రాలేదా?"

కలం మూత పెట్టి, రేపు రండి అని చెప్పాను. నలభై ఒక్క ఏళ్ళలో వచ్చినవాళ్ళను ఉత్త చేతులతో పంపింది అదే మొదటిసారి. ఆయన మర్నాడు వచ్చారు. నేను బల్ల వేయలేదు.

అయ్యా, ఆ సున్నా నా భార్య. దాన్ని అక్కడ పెట్టినవాణ్ణి నేను. గోంగూర వండి, మెట్లు లెక్కపెట్టి, ఎంతో జాగ్రత్తగా ఆమెను బతికించి తమకు అప్పజెప్పాను. ఆ కాగితం మీద బతికి ఉన్న గౌసియాను చూపించి తమరు రేపు ఇంకొక గౌసియాను బెంచీ మీద కూర్చోబెట్టబోతున్నారు.

సమ్మతి పత్రం తొమ్మిదవ నిబంధన ప్రకారం పాల్గొన్నవారి వివరములు వారి కుటుంబం చూచుకొనవచ్చును. అంతా చదివినవాణ్ణి కనుక నాకు తెలుసు. దరఖాస్తు పెట్టాను. తేది 13-10-2025న నీహారిక తానే కాగితాలు తీసుకుని నా బల్ల దగ్గరకు వచ్చింది. "ఎలాగూ వచ్చాను కదా బాబాయిగారూ, అమ్మగార్ని చూసి వెళ్తాను. ఆ రోజు వరండాలో చూడటమే, మళ్ళీ చూళ్ళేదు" అంది. వద్దనలేక కాగితాల మీద బరువు పెట్టి లేచాను. ఇంటికి తీసుకువెళ్ళాను. తలుపు తీస్తుండగా జోజమ్మ గోడ మీద నుంచి తొంగి చూసి, "ఎవరీ అమ్మాయి?" అంది. నీహారిక నవ్వుతూ, "గౌసియాబీ గారి కోసం వచ్చానండి, ఆసుపత్రి నుంచి" అంది.

జోజమ్మ నా ముఖం చూసింది. "గౌసియక్క కోసమా? ఆవిడ పోయి ఏడాది కావస్తోంది కదమ్మా!"

ఆ పిల్ల గడప మీదే నిలబడిపోయింది. లోపల మంచం, రెండు దిండ్లు, గూట్లో ఫోను, బల్ల మీద రెండు టీ గ్లాసులు కనపడుతూనే ఉన్నాయి. నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిట్టలేదు. మెల్లగా, "మరి నేను విన్నాను కదా బాబాయిగారూ. ఒట్టు, దగ్గు విన్నాను. రాసుకున్నాను కూడా" అంది. కాగితం తీసి చూపించింది. రిమార్కుల గడిలో ఉంది: "రోగి దగ్గు వెనుక నుంచి వినిపించినది."

తర్వాత నీహారిక కళ్ళు తుడుచుకుని, "నేను పైకి చెప్పక తప్పదండి. కానీ ముందు మీరే రాయండి. మీరు రాస్తేనే బాగుంటుంది" అంది. పదిహేను రోజులు గడువు ఇచ్చింది. రేపటితో ముగుస్తుంది.

8. పైన మూడవ అంశంలో వాయిదా వేసిన పద్దెనిమిది నిమిషములు.

అది చాలా మంచి పత్రం. నా చేతి మీదుగా వేల కాగితాలు పోయాయి, అన్నీ మనిషిని బెదిరించేవే. తేనిచో, లేనియెడల, తదుపరి చర్య. ఇదొక్కటి మనిషికి మర్యాద ఇచ్చి రాసినది. మీకు ఇష్టం లేకపోతే వద్దు, కారణం చెప్పనక్కర్లేదు, చికిత్సకు ఏ లోటూ రాదు అని. నాకు సరదా వేసింది. ఒక్కో నిబంధనా పైకి చదివి, "చూశావా ఎంత బాగా రాశారో" అని గౌసియాకు వినిపించాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నీహారిక అప్పటికి ఇంకొక రోగి కోసం లోపలికి వెళ్ళింది.

మూడో పేజీ మధ్యలో ఉండగా లోపలి నుంచి "ముప్పై ఏడు" అని పిలిచారు. నాకు వినపడింది. గౌసియాకూ వినపడింది. "పిలుస్తున్నారండీ" అని బల్ల అంచు పట్టుకుని సగం లేచింది. నేను తల ఎత్తకుండా, "ఉండు, ఇంకొక్క పేజీ. మన నంబరు ఎక్కడికీ పోదు" అన్నాను. ఆమె మళ్ళీ కూర్చుంది. సగం లేచి కూర్చోవడం ఆ మోకాళ్ళకు లేవడం కంటే కష్టం.

రెండోసారి పిలిచారు. ఈసారి ఆమె లేవలేదు. సాయం పట్టనప్పుడు చూసే చూపే, నా వైపు చూసింది. నేను అప్పుడు చదువుతున్నది పదకొండవ నిబంధన: "పాల్గొనువారు ఏ దశలోనైనను, ఎవరి అనుమతి అవసరము లేకుండా, లేచి వెళ్ళుటకు స్వేచ్ఛ కలిగి ఉందురు."

గంట ఆలస్యంగానైనా డాక్టరు చూసి ఉంటే బతికేదో లేదో నాకు తెలియదు, తమ పుస్తకాల్లో ఉంటుందేమో. నాకు తెలిసింది ఒక్కటే. తమ వాళ్ళు పిలిచారు. ఆమె లేచింది. కూర్చోబెట్టినవాణ్ణి నేను. ఏడో రోజు ఫోనులో చనిపోయిందని చెప్పి ఉంటే ఎప్పుడు, ఎట్లా అని అడిగేవాళ్ళు, ఈ సంగతి చెప్పాల్సి వచ్చేది. అందుకే బతికించాను.

9. ఈ ఊళ్ళో సగం మందికి మరణ ధ్రువీకరణ పత్రానికి దరఖాస్తు వ్రాసి ఇచ్చినది నేనే. ఇరవై ఒక్క రోజుల్లోగా పెట్టుకోమని అందరినీ తొందరపెడతాను. నా భార్యది నేటి వరకు వ్రాయలేదు. కనుక జత చేయుటకు ధ్రువపత్రం లేదు. సాక్షిగా జోజమ్మ సంతకం ఈ అర్జీ అడుగున తీసుకోవడమైనది. సంతకం పెడుతూ ఆమె చదవలేదు. చదవమని నేను కూడా అనలేదు.

కావున తమను ప్రార్థించునది ఏమనగా:

అ) 37వ నంబరు వరుసలో "స్వచ్ఛందముగా వెళ్ళిపోయినారు" అన్న మాట కొట్టివేసి, "పిలుపు వినినారు, రాబోయినారు, భర్త ఆపినాడు" అని వ్రాయించగలరు. మరణించిన తేది 11-11-2024 అని, నాలుగు ఫోనుల్లో నేను చెప్పినవన్నీ అబద్ధములని నమోదు చేయించగలరు.

ఆ) సున్నా తీసి ఆ స్థానంలో ఒకటి వేయించి, రెండో డాక్టరు విషయం మళ్ళీ ఆలోచించగలరు. జగన్నాథరావు గారికి నేను బాకీపడిన అర్జీ కూడా ఇదే అనుకోవలెను.

ఇ) నీహారిక మీద చర్య ఏదీ తీసుకోవద్దు. ఆమె అడగవలసినవన్నీ అడిగింది, విన్నవన్నీ వ్రాసింది. శిక్ష వేయదలిస్తే నాకు వేయగలరు, హాజరవుతాను.

ఈ) ఆ వరుసలో అన్నీ కొట్టివేసినా, దగ్గు వినిపించినదన్న రిమార్కు మాత్రం ఉండనివ్వ ప్రార్థన. అందులో నేను చెప్పనిది అదొక్కటే.

ఇన్నాళ్ళు ఇతరుల తరఫున ఈ మాట వ్రాసినప్పుడు దీనికి ఇంత బరువు ఉంటుందని తెలియదు. తమరు తప్పక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
షేక్ మదార్

సాక్షి: జోజమ్మ, పక్కిల్లు.

తా.క.: అయ్యా, మొదటి ప్రార్థన మంజూరైతే గౌసియా ఫోను నంబరును తమ కంప్యూటరు తనంతట తానే తీసేస్తుందని నీహారిక చెప్పింది. తీసేయండి. తీయాల్సిందే. కానీ మూడు వందల అరవై అయిదో రోజు వచ్చే నెల పదకొండున, మంగళవారం నాడు వస్తోంది. ఇంకా పదిహేను రోజులే ఉంది. ఆ ఒక్క ఫోనూ చేయించి, ఆ తర్వాత తీయించండి. నేను ఎత్తను, ఏ అబద్ధమూ చెప్పను. ఫోను మంచం మీద దిండ్ల పక్కన పెట్టి, నేను బయట అరుగు మీద కూర్చుంటాను. రెండుసార్లు మోగగానే లేరని రాసుకుని తర్వాతి నంబరుకు పోవద్దని ఆ అమ్మాయికి చెప్పండి. కాసేపు మోగనివ్వమనండి. ఆమెకు మోకాళ్ళ నొప్పులు కదా. లేచి వచ్చేసరికి కొంచెం ఆలస్యమవుతుంది.